దేవుడికిచ్చిన చక్రం

ఆ యేడు దసరా సెలవులు మొదలు జీవమ్మ ఇంట్లో ఎటు కాలు పెట్టినా చక్రమే తగిలేది. మంచం కింద రెండు, బియ్యం డబ్బా పక్కన ఒకటి, హార్మోనియం పెట్టెకు ఆనించి ఒకటి, దొడ్లో మల్లెచెట్టు మొదట్లో ఇంకొకటి. టైర్లున్న చక్రాలైతే కాలికి కాస్త మెత్తగానైనా తగిలేవి. ఇవి టైరు తొడగని ఒట్టి ఇనుప చక్రాలు. ఏమరుపాటుగా అడుగు వేస్తే మోకాలి చిప్ప పచ్చడే. జీవమ్మ నంద్యాల మిషన్ బడిలో మూడో తరగతి టీచరు. గదినిండా ఉన్న పిల్లకాయల్ని ఒక్క కంటిచూపుతో కూర్చోబెట్టగలదు గానీ, మొగుడు దావీదు చేత నాలుగు చక్రాలు ఎంపిక చేయించడం మాత్రం ఆమె తరం కాలేదు.

ఈ చక్రాలన్నీ ఒక కారు కోసం. దావీదు మిషన్ ఆసుపత్రిలో వ్యాను డ్రైవరు. అంతకుముందున్న ఇంగ్లీషు డాక్టరు ఇంగ్లండుకు వెళ్ళిపోతూ తన రెండు సీట్ల పాత కారును దావీదు చేతిలో పెట్టి పోయాడు. పెట్టి పోయాడంటే ప్రేమతోనే అనుకోవాలి గానీ, నంద్యాలలో దాన్ని కొనే నాథుడు లేడన్నది కూడా నిజమే. పైకప్పు లేదు. సామాను పెట్టుకోవడానికి చోటు లేదు. ఆకుపచ్చ రంగులో నేలకు కరుచుకుని ఉండేది కాబట్టి ఊరంతా దాన్ని కప్ప అనేవాళ్ళు. దావీదు దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి, ప్రతి ఫిబ్రవరిలో మద్రాసు దగ్గరి షోలవరం తీసుకుపోయేవాడు. అక్కడ యుద్ధకాలం నాటి పాత విమానాల మైదానంలో కార్ల పందేలు జరుగుతాయి. దావీదు ఎన్నడూ గెలిచింది లేదు, ఆఖరున వచ్చిందీ లేదు. పందెం ఆదివారం కాబట్టి ఆ వారం గుడికి ఎగనామం పెట్టేవాడు. పాదిరి అయ్యగారు కూడా చూసీ చూడనట్టు ఊరుకుని, మరుసటి వారం గుమ్మంలో ఎన్నోవాడిగా వచ్చావని అడిగేవారు.

పోయిన ఫిబ్రవరిలో మాత్రం నవ్వుకునేందుకు ఏమీ మిగల్లేదు. పెద్ద మలుపు తిరిగేటప్పుడు ముందు ఎడమపక్క చక్రానికి పుల్లలు విరిగాయి. దాని పాత చక్రాలకు సైకిలు చక్రాల మాదిరి పుల్లలుండేవి. చక్రం ఊడి, కారును దాటి, దావీదు చూస్తుండగానే ముందుకు దొర్లిపోయింది. కారు మూడు మెలికలు తిరిగి గడ్డిమోపుల్లో ఆగింది. మోచెయ్యి గీసుకుపోవడం తప్ప ఒంటికేమీ కాలేదు. ఈ పుల్లల చక్రాలతో మళ్ళీ ఈ గేటు తొక్కవద్దని అక్కడి తనిఖీవాళ్ళు చెప్పి పంపారు.

ఒంటికేమీ కాలేదని దావీదే అందరికీ చెప్పుకున్నాడు. కానీ ఆనాటి నుంచి అతని చేతులు అతని మాట వినడం మానేశాయి. ఆసుపత్రి వ్యాను మలుపు దగ్గరికి వచ్చిందంటే ఎద్దులబండి నయమనిపించేంత నెమ్మదిస్తుంది. స్టీరింగు మీద వేళ్ళు వణకడం పక్కన కూర్చున్న నర్సులు చూశారు. సిరివెళ్ళ నుంచి తీసుకొస్తున్న ఒక నిండుచూలాలు, ఆసుపత్రి చేరకముందే వ్యానులోనే బాలింత అయింది. తల్లీ బిడ్డా బతికారు కాబట్టి సరిపోయింది. డాక్టరమ్మ దావీదును పిలిచి, మార్చి నెలదాకా చూస్తాననీ, అప్పటికీ ఇట్లాగే ఉంటే వ్యాను ఇంకొకరికిచ్చి అతన్ని గేటు దగ్గర కూర్చోబెడతాననీ చెప్పింది. ఆమె మంచిది కాబట్టి ఇంటికి పొమ్మనకుండా గేటు అంది.

దీనికి దావీదు కనిపెట్టిన మందు ఒక్కటే. చక్రం ఊడిన ఆ మలుపునే మళ్ళీ ఒకసారి నిండు వేగంతో తిరిగి రావాలి. తిరిగొస్తే చెయ్యి నిలుస్తుంది, లేకపోతే నిలవదు. ఈ మాట వినగానే జీవమ్మకు ఒళ్ళు మండింది. పాము కరిచినవాడు పోయి పుట్టలో చెయ్యి పెడతానన్నట్టుందని అరిచింది కూడా. కానీ అన్నం కలుపుకునేటప్పుడు అతని వేళ్ళు అదరడం రోజూ ఎదురుగా కూర్చుని చూసేది ఆమే. చివరికి సరే అంది. పోయిరా, అయితే చక్రాలు మంచివి వేసుకుని పో, పోయి రావడమంటే రావడం కూడా అందులో ఉందని గుర్తు పెట్టుకో అంది. అంతవరకు ఆమెకు ఓపిక ఉండింది.

ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. లేతు పనివాడి దగ్గర ఇరుసులు మార్పించి, నాలుగు బోల్టుల ఇనుప చక్రాలు పట్టేట్టు చేయించుకున్నాడు. ఇక చక్రాలు తెచ్చి బిగించడమే తరువాయి అనుకుంది జీవమ్మ. కర్నూలు నుంచి రెండు వచ్చాయి, చూడ్డానికి బాగానే ఉన్నాయి. దావీదు వాటిని గచ్చు మీద దొర్లించి, వంగి చూసి, ఒకటి పక్కకు ఊగుతోందన్నాడు. ఆదోని నుంచి వచ్చినది బరువెక్కువన్నాడు. అనంతపురంది అంచు దగ్గర తుప్పన్నాడు. గుంతకల్లులో ఒక రైల్వే గుమాస్తా దగ్గర దొరికినది అతుకు వేసినదన్నాడు. వద్దన్నవాడు వెనక్కి పంపుతాడా అంటే అదీ లేదు. ఉండనీ, ఇంకా మంచివి దొరక్కపోతే ఇవే గతి అంటాడు. అట్లా ఒక్కొక్క చక్రమే వచ్చి ఇంట్లో కాపురం పెట్టింది.

పైగా కనపడ్డవాడినల్లా అడగడం. టైర్ల షాపువాణ్ణి అడగడం సరే. కాంపౌండరును అడిగాడు. అయ్యగారిని అడిగాడు. పాలు పోయడానికి వచ్చిన ఆదిలక్ష్మమ్మను కూడా గిన్నె చేతిలో ఉండగానే ఆపి, ఈ రెంటిలో నీకేది గట్టిగా అనిపిస్తుందని అడిగాడు. ఆమె పాపం, రెండూ బాగుండాయి అని చెప్పి పోయింది. దాని మీద దావీదు ఒక పూటంతా ఆలోచించాడు. జీవమ్మకు విసుగు నసాళానికంటింది. చీరలంగట్లో ఆడవాళ్ళు చీరలు తీయిస్తారని మగవాళ్ళు ఎగతాళి చేస్తారే, వాళ్ళను పిలుచుకొచ్చి ఈ ఇల్లు చూపించాలనిపించింది. క్రిస్మసు వచ్చింది, పోయింది. చుట్టాలు చక్రాల మీదనే పళ్ళేలు పెట్టుకుని భోంచేశారు.

జనవరి మధ్యలో మద్రాసు బ్రోకరు ఒకడు లారీలో నాలుగు చక్రాలు పంపాడు. నాలుగూ ఒకే జాతివి, వెండిరంగు పూసి నిగనిగలాడుతున్నాయి. దావీదు వాటిని కూడా వారం రోజులు దొర్లించాడు. ఇవి కూడా మూలకు చేరినట్టేనని జీవమ్మ వాటివైపు చూడటమే మానేసింది. కానీ శనివారం సాయంత్రం, ఆమె బడి నుంచి రాకముందే, దావీదు మనసు ఒకచోట నిలిచింది. ఇవే అనుకున్నాడు. ఏది ఎక్కడ బిగించాలో సుద్దముక్కతో లోపలివైపు గుర్తులు కూడా పెట్టుకున్నాడు. నాలుగింటినీ వసారాలో గోతం కింద కప్పిపెట్టి, ఆత్మకూరు నుంచి కేసు తీసుకురావాలని కబురొస్తే వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు. మూడు నెలలుగా కుదరలేదు, కుదరలేదు అని ఊరంతా చెప్పినవాడికి, కుదిరింది అన్న ఒక్క మాట ఇంట్లో చెప్పాలని తోచలేదు.

మర్నాడు ఆదివారం గుడిలో కోతపండుగ. ఆ రోజు ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. జొన్నకంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, మేకపిల్లలు, పొలం లేనివాళ్ళు అల్లిన బుట్టలో, కుట్టిన దుప్పట్లో. ఆరాధన అయ్యాక వాటినన్నిటినీ గుడి ముందు వేలం పాడతారు. పాడుకున్నది దేవుడి చేతి మీదుగా వచ్చినట్టు లెక్క. జీవమ్మ ఏటా ఒక కోడిని ఇస్తుంది. ఈ ఏడు కూడా నల్లపెట్టను దాచి మేపింది. ఆదివారం పొద్దున గంప ఎత్తి చూస్తే నాలుగు ఈకలు మిగిలాయి. అడవిపిల్లి పని. అప్పటికే మొదటి గంట కొట్టారు.

గుడికి చేతులూపుకుంటూ పోవడం జీవమ్మకు చేతకాదు. ఇల్లంతా కలియజూసింది. చక్రాలు తప్ప ఏముంది ఆ ఇంట్లో. ఇంత ఇనుము పెట్టుకుని ఒట్టి చేతులతో ఎందుకు పోవాలనుకుంది. ఆ కోపంలో మంచం కింది తుప్పుదాన్ని పట్టుకుని లాగింది, కానీ అక్కడ ఆగింది. దేవుడికిచ్చేది కళంకం లేనిదై ఉండాలి. కుంటి మేకను, పుచ్చు గుమ్మడికాయను దేవుడి ముందు పెట్టేవాళ్ళను చూస్తే ఆమెకు పరమ అసహ్యం. అందుకని ఇంట్లో ఉన్న చక్రాలన్నిటినీ ఒకటొకటిగా చూసి, వసారాలో గోతం ఎత్తి, అందులో కూడా గీత లేనిదీ మచ్చ లేనిదీ చూసి ఒకటి ఏరింది. చింతపండు పెట్టి రుద్ది, కడిగి, సుద్ద గుర్తుతో సహా తుడిచి, కొంగుతో తడి ఒత్తి, చంకన పెట్టుకుని గుడికి పోయింది. మూడు నెలలు దావీదు చెయ్యలేని పని ఆమె రెండో గంట కొట్టేలోగా ముగించింది.

వేలంలో దాన్ని చూసి జనం నవ్వారు. పాడేవాళ్ళు ఉండరనుకుంటుండగా ఆళ్ళగడ్డ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ముందుకొచ్చి, చక్రాన్ని వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, పాట మొదలుపెట్టాడు. పేరు కాశయ్య. దొర్నిపాడు దారిలో ఒక చిన్న పల్లెలో సంఘపెద్ద. ఎవరూ పోటీ రాలేదు. భుజాన వేసుకుని బస్సెక్కి పోయాడు.

మధ్యాహ్నం దావీదు వచ్చి గోతం ఎత్తాడు. మూడే ఉన్నాయి. ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగిన సంభాషణ ఇరుగుపొరుగు చాలారోజులు చెప్పుకున్నారు కాబట్టి ఇక్కడ మళ్ళీ చెప్పక్కర్లేదు. అన్నిటిలోకీ మంచిదే ఎందుకిచ్చావని అతను, దేవుడికి చెడ్డది ఇమ్మంటావా అని ఆమె. ఇవే కుదిరాయని ఒక్క మాట చెప్పి చావొద్దా అని ఆమె, నువ్వు అడిగినావా అని అతను. ఏది ఏమైనా ఇచ్చింది తనే కాబట్టి, తెచ్చిపెట్టే పూచీ తన మీద ఉందని జీవమ్మకు లోపల తెలుసు. తెలిసినందుకు ఇంకా కోపమొచ్చింది. పందేనికి ఇంక రెండు వారాలే ఉంది.

మర్నాడు ఇద్దరూ బస్సెక్కి ఆళ్ళగడ్డలో దిగి, అక్కణ్ణించి ఎడ్లబండి పట్టుకుని ఆ పల్లెకు పోయారు. గుడి దూరం నుంచే కనపడింది. బోదగడ్డి కప్పు, మట్టిగోడలు, ముందర ఒక వేపచెట్టు. వేపచెట్టు కొమ్మకు నులకతాడుతో వేలాడుతూ ఉంది వాళ్ళ చక్రం. పక్కన ఒక ఇనుప కడ్డీ. ఇదివరకు ఆ పల్లె గుడికి రైలుపట్టా ముక్కే గంటగా ఉండిందట. దాన్ని ఎవరో ఎత్తుకుపోతే ఆరునెలలుగా మనిషి మనిషినీ పిలుచుకొచ్చి ప్రార్థన జరుపుకుంటున్నారట. ఇప్పుడు అది మోగితే పొలాల దాకా వినపడుతోంది. అక్కడ ఆరాధన నడిపే ఉపదేశి నిన్న సాయంత్రమే ప్రార్థన చేసి దాన్ని ప్రతిష్ఠ కూడా చేశాడట.

దావీదు సంగతంతా చెప్పాడు. వేరే చక్రం ఇస్తాం, ఇది ఇచ్చెయ్యమన్నాడు. కాశయ్య ఓపికగా విన్నాడు.

"ఇది దేవుని పాటలో పాడుకున్యాది గదప్పా. ఇది పలికినట్టే పలికే గాను తెండి, మార్చుకుంటాం. గాను ఏదైనా మాకు ఒగటే, పలుకు గావాల."

గాను అంటే చక్రమే, ఆ వైపు మాట. జీవమ్మకు కాస్త ప్రాణం లేచి వచ్చింది. ఇంటినిండా చక్రాలే, అందులో ఒకటైనా ఇట్లా మోగకపోతుందా అనుకుంది. బుధవారం బడికి మళ్ళీ సెలవు పెట్టి, పనికొచ్చే చక్రాలన్నీ గోతాల్లో కట్టించి బస్సు మీదికెక్కించింది. మిగిలిన మూడు వెండిరంగు చక్రాలనూ దావీదు వెంట తెచ్చాడు. ఇది వీటి తోబుట్టువని చూపిస్తే పెద్దమనిషి మనసు కరుగుతుందని అతని ఆశ. కండక్టరు ఇది బస్సా, ఇనుపకొట్టా అని దారంతా గొణిగాడు.

పల్లెలో గంట కొట్టేది బాలమ్మ అనే ముసలావిడ. మంచి గంట ఏదో చెప్పవలసింది ఆమేనన్నాడు కాశయ్య. ఒక్కొక్క చక్రాన్నే కొమ్మకు కట్టి కడ్డీతో కొట్టారు. కర్నూలుది దగ్గినట్టుంది అంది బాలమ్మ. ఆదోనిది ఒట్టి పాలక్యాను అంది. అనంతపురందాన్ని మూడుసార్లు కొట్టించుకుని విని, బాగానే ఉంది గానీ తోక లేదంది. తోక అంటే మోత చివర సాగడమట. ఇంకోసారి కొట్టి చూడమంది, మళ్ళీ వద్దంది, పక్కదాంతో పోల్చి చూద్దామంది. జీవమ్మ తల పట్టుకుంది. ఒక దావీదుతోనే వేగలేక చస్తుంటే ఇంత దూరం బస్సెక్కి వచ్చి రెండో దావీదు పాలబడ్డాననుకుంది. అసలు దావీదు మాత్రం బాలమ్మ చెప్పేదంతా తల ఊపుతూ శ్రద్ధగా వింటున్నాడు. అది చూసి ఆమెకు మరీ మండుకొచ్చింది.

తెచ్చినవన్నీ అయిపోయాయి. ఏదీ కుదరలేదు. కాశయ్య మొహమాటపడుతూ, దాని తోబుట్టువులంటివే, అవెట్లా పలుకుతాయో విందామన్నాడు. ఊరికే సరదాకే అన్నాడు. దావీదు కట్టాడు. మొదటి వెండిరంగు చక్రం గంట మాదిరే మోగింది. బాలమ్మ బోసినోటితో నవ్వింది. రెండోదీ అంతే.

మూడోదాన్ని కొడితే టక్కుమంది. చిల్లు కుండను కట్టెతో కొట్టినట్టు, టక్కుమని అక్కడే చచ్చింది. తాడు సరిగా లేదేమోనని మళ్ళీ కట్టి కొట్టారు. మళ్ళీ అంతే. దావీదు దాన్ని దింపి ఒళ్ళో పెట్టుకుని, బోల్టు రంధ్రం దగ్గర గోటితో వెండిరంగు గీకాడు. రంగు పొరగా లేచింది. కింద వెంట్రుకంత సన్నటి చీలిక, రంధ్రం నుంచి అంచు దాకా. బ్రోకరు దాని మీదే రెండు పూతలు దట్టించాడు. చక్రాన్ని తిప్పితే లోపలివైపు దావీదు సుద్దతో రాసుకున్న గుర్తు ఉంది. ముందు, ఎడమ.

దావీదు అక్కడే నేల మీద కూలబడ్డాడు. జీవమ్మ వంగి ఆ అక్షరాలు చదివింది. పోయినేడు ఊడింది ఆ పక్కదే. ఈ ఏడు ఊడబోయేదీ అదే. నాలుగూ గోతం కింద ఉండి ఉంటే, కోడి బతికి ఉంటే, అవి నాలుగూ ఈపాటికి కారుకు బిగించి ఉండేవి. కాశయ్య అంతా దేవుని చిత్తమన్నాడు. దేవుడికి చెప్పాలనుంటే తిన్నగా చెప్పొచ్చు గదా, పిల్లిని నా కోడి మీదికి తోలడం ఎందుకని జీవమ్మ కసిరింది.

కాసేపటికి దావీదు లేచాడు. ఇనుప కడ్డీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"మే జీవమ్మా, నాకింక చాతగాదు. యా గాను చూసినా అది ఊడిపోయి ముందర దొర్లేదే కనపడతాంది. నువ్వు ఏరు. నువ్వు ఏరినవి బిగించుకోని పోతా. ఒగ మాట గూడా అడగను."

ఈ మాట కోసమే కదా ఆమె దసరా నుంచి కాచుకుంది. తన చేతికిచ్చి ఉంటే బియ్యం నానేలోగా తేల్చిపారేసేదాన్నని ఎన్నిసార్లు అనుకుందో. కొంగు బిగించి, కడ్డీ పట్టుకుని మొదలుపెట్టింది. వెండిరంగువి రెండూ కొట్టింది. బాగున్నాయి, పక్కన పెట్టింది. ఆదోనిది తీసేసింది. గుంతకల్లుది అతుకుది, తీసేసింది. అనంతపురంది కొట్టింది. మోగింది. పక్కన పెట్టబోయి ఆగింది.

ఆ మోత నిజంగా సాగిందా, లేక సాగిందని తనకనిపించిందా. మళ్ళీ కొట్టింది. ఈసారి గాలి వేసింది. గాలి ఆగేదాకా ఉండి మళ్ళీ కొట్టింది. అంచు దగ్గర తుప్పన్నాడు కదా, ఆ తుప్పు కింద ఏముందో. గోటితో గీకింది. రాయితో గీకింది. చక్రానికి చెవి ఆనించి కొట్టింది. బాగానే ఉంది. బాగానే ఉందంటే సరిపోతుందా. ఇది బాగుందని తను పక్కన పెడితే, దీని మీద ఒక మనిషి కూర్చుని ఆ మలుపు తిరుగుతాడు. ఆ మనిషి ఒక మాట కూడా అడగనన్నాడు. జీవమ్మకు చెమట పట్టింది. బాలమ్మను పిలిచి వినమంది. కాశయ్యను వినమంది. నీళ్ళకు పోతున్న ఒకామెను ఆపి, ఇందాకటి దానికీ దీనికీ తేడా ఉందామ్మా అని అడిగింది. కర్నూలుది మళ్ళీ కట్టించింది. మళ్ళీ విప్పించింది.

గంట ఇన్నిసార్లు మోగేసరికి పొలాల్లో జనం పని ఆపారు. బుధవారం పూట గంటేమిటి, ఎవరైనా పోయారేమోనని ఒకరొకరే గట్ల మీదుగా రావడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు తలమీద కొంగు కప్పుకుని గుడి ముందు కూర్చున్నారు. మగవాళ్ళు తలగుడ్డలు తీసి చంకన పెట్టుకుని నిలబడ్డారు. ఉపదేశి బైబిలు పట్టుకుని పరుగున వచ్చి, ఎవరూ చావలేదని తెలిసి ఏం చెయ్యాలో తోచక ఆయనా కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. వచ్చినవాళ్ళు ఓపిక పట్టి చూశారు. ఆ తర్వాత ఇటూ అటూ కదలసాగారు. ఇంకెంతసేపని ఎవరో గొణిగారు.

"ఇంగ చాలమ్మా," అన్నాడు కాశయ్య. "గుడి నిండిపాయె. పొద్దున్నుంచి అదే కొడతాండావు. అది బాగనే ఉండాది."

"నువ్వుండప్పా," అంది జీవమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తన మీద తనకే అంత విసుగు ఆమెకు ఎప్పుడూ పుట్టలేదు. మూడు నెలలు ఆ ఇంట్లో దావీదు ఏం మోశాడో ఇప్పుడు ఆమె భుజాల మీద ఉంది. అతను చెట్టుకు ఆనుకుని ఆమె వైపే చూస్తున్నాడు. ఎగతాళి లేదు, తొందరపెట్టడం లేదు. నాకు తెలుసు అన్నట్టు చూస్తున్నాడు. ఆ చూపు భరించలేక ఆమె అనంతపురం చక్రాన్ని లాగి వెండిరంగువాటి పక్కన పడేసింది. మూడయ్యాయి.

నాలుగోది లేదు. మిగిలినవాటిలో దేన్నీ ఆమె చెయ్యి ముట్టలేదు. తలెత్తి పై కొమ్మ వైపు చూసింది. అన్నిటికన్నా గట్టిగా, అన్నిటికన్నా తేటగా మోగేది అక్కడ వేలాడుతోంది. ముందు ఎడమపక్కకు దాన్ని తప్ప ఇంకొకదాన్ని బిగించనివ్వనని ఆమె మనసు మొండికేసింది. కాశయ్య మొహం చూసి, అడగడానికి సిగ్గుపడుతూనే అడిగింది.

"నేను దేవునికిచ్చినదాన్ని వెనక్కి అడుగుతాండా. తప్పే. తప్పని తెలిసే అడుగుతాండా. నాకు అదే గావాల."

కాశయ్య అయోమయంగా సంఘం వైపు చూశాడు. సంఘమంతా అక్కడే కూర్చుని ఉంది కాబట్టి, తీర్పు చెప్పవలసిన పని అతనికి తప్పింది. ఉపదేశి ఏదో వచనం కోసం కాగితాలు తిప్పసాగాడు. ఆయనకు దొరికేలోగా బాలమ్మ లేచి, దావీదు దగ్గరికి పోయి నిలబడింది.

"తీసకపో నాయనా. ఇది మా గంటే, నీకు అంతవరకు తోడుగా ఇస్తాండాం. పందెం ఐనంక తెచ్చి ఆ కొమ్మకు కట్టాల. కట్టేది నువ్వే. ఇంగొకరి చేతికిచ్చి పంపితే నేను ముట్టను, మోగించను."

ఎవరూ కాదనలేదు. దావీదు వేపచెట్టు కిందికి వచ్చి, చేతులెత్తి నులకతాడు ముడి విప్పబోయాడు. వేళ్ళు అదిరాయి. ఊరంతా చూస్తుండగా అదిరాయి. ముడి బిగుసుకుంది గానీ ఊడలేదు. జీవమ్మ కడ్డీ పారేసి వెళ్ళి, చక్రం బరువు కింది నుంచి రెండు చేతులతో ఎత్తిపట్టింది.

"బిగించిన దినం చెప్పు," అంది మెల్లగా. "మద్రాసు దాకా ఆ రెండో సీట్లో నేను కూర్చుంటా."

"నీకెందుకు మే ఆ దుమ్ము, ఆ ఎండ."

"గాన్లు ఏరింది నేను గదా. ముందు నేను కూర్చోని చూస్తా."

తాడు మీద బరువు తగ్గేసరికి ముడి వదులైంది. చక్రం ఒక్కసారిగా కిందికి జారి, ఇద్దరి చేతుల్లోకీ వచ్చింది.